రాష్ట్రాల అప్పులు, కేంద్రం ఆదుకోలు: నియమం లేని సాయం

అప్పు తీర్చలేని కంపెనీకి మన దేశంలో దివాలా చట్టం ఉంది. అప్పు తీర్చలేని రాష్ట్ర ప్రభుత్వానికి అలాంటి చట్టమేదీ లేదు. ఒక రాష్ట్రం చేతులెత్తేస్తే కేంద్రం తప్పనిసరిగా ఆదుకోవాలని ఎక్కడా రాసి లేదు. ఆదుకోకూడదనీ రాసి లేదు. ఆర్థిక అత్యవసర పరిస్థితి విధించేందుకు రాజ్యాంగంలో 360వ అధికరణ ఉన్నా, దాన్ని ఇంతవరకు ఒక్కసారీ వాడలేదు. పైగా అది రాష్ట్రాన్ని గట్టెక్కించే ఏర్పాటు కాదు, పగ్గాలు కేంద్రం చేతికి ఇచ్చే ఏర్పాటు.

అయినా గత నాలుగు దశాబ్దాలుగా కేంద్రం ఏదో ఒక పేరుతో రాష్ట్రాలను ఆదుకుంటూనే ఉంది. ఒకసారి రుణాల ఏకీకరణ, ఒకసారి విద్యుత్ సంస్థల ఉద్ధరణ, ఒకసారి ప్రత్యేక ప్యాకేజీ, ఇప్పుడు 50 ఏళ్ల వడ్డీలేని రుణం. ఎవరికి, ఎప్పుడు, ఏ షరతు మీద సాయం అందుతుందన్నది మాత్రం ముందుగా ఎవరికీ తెలియదు. రాష్ట్రాల అప్పుపై జరిగే చర్చ చాలావరకు 'ఎంత' అన్న దగ్గరే ఆగిపోతుంది. అసలు చిక్కు ఈ 'ఎలా' దగ్గర ఉంది.

అప్పు ఎంత?

రాష్ట్రాల అప్పును లెక్కించే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. రాజకీయ నాయకులు తలా ఒక అంకె చెప్పడానికి ఇదే కారణం. కాగ్ 'ప్రజా రుణం' అన్నప్పుడు మార్కెట్ నుంచి, బ్యాంకుల నుంచి, కేంద్రం నుంచి తెచ్చిన అప్పులే లెక్కలోకి వస్తాయి. రిజర్వు బ్యాంకు చెప్పే 'మొత్తం బాధ్యతలు' ఇంకా విస్తృతమైనవి. ఉద్యోగుల భవిష్య నిధి వంటి ప్రజా పద్దులోని సొమ్ము కూడా అందులో కలుస్తుంది. ప్రభుత్వ కార్పొరేషన్లు సర్కారు పూచీకత్తుతో తెచ్చిన అప్పులు, కాంట్రాక్టర్లకు బాకీ పడ్డ బిల్లులు ఈ రెండు లెక్కల్లోనూ పూర్తిగా కనిపించవు.

కాగ్ 2025 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 28 రాష్ట్రాల ప్రజా రుణం 2013-14లో రూ.17.57 లక్షల కోట్లు. 2022-23 నాటికి అది రూ.59.60 లక్షల కోట్లకు చేరింది. అంటే తొమ్మిదేళ్లలో మూడు రెట్లు దాటింది. రాష్ట్ర స్థూల ఉత్పత్తితో పోల్చి చూస్తే 2022-23లో పంజాబ్ 40.35 శాతంతో మొదటి స్థానంలో ఉంది. నాగాలాండ్ 37.15, పశ్చిమ బెంగాల్ 33.70 శాతంతో ఆ తర్వాత నిలిచాయి. అట్టడుగున ఒడిశా 8.45 శాతం, మహారాష్ట్ర 14.64, గుజరాత్ 16.37 శాతం. ఒకే రాజ్యాంగం, ఒకే కేంద్రం కింద ఉన్న రాష్ట్రాల మధ్య ఇంత అంతరం ఉంది.

రిజర్వు బ్యాంకు విస్తృత లెక్కలో, రాష్ట్రాల మొత్తం బాధ్యతలు 2019 మార్చి నాటికి జీడీపీలో 25.3 శాతం. కొవిడ్ దెబ్బకు 2021 మార్చి నాటికి అవి 31 శాతానికి ఎగబాకి, 2024 మార్చి నాటికి 28.5 శాతానికి దిగాయి. ఎఫ్‌ఆర్‌బీఎం చట్టాన్ని సమీక్షించిన ఎన్.కె.సింగ్ కమిటీ 2017లో రాష్ట్రాలకు సూచించిన పరిమితి 20 శాతం.

అప్పు పెరగడమే తప్పు కాదు. తెచ్చిన డబ్బు దేనికి పోతోందన్నది ముఖ్యం. ప్రాజెక్టులకు, రోడ్లకు పెట్టిన అప్పు రేపు రాబడి తేగలదు. జీతాలకు, పింఛన్లకు, పాత అప్పుల వడ్డీకి తెచ్చినది తేలేదు. 2022-23లో 11 రాష్ట్రాలు నికరంగా తెచ్చిన అప్పు కన్నా తక్కువే మూలధన పనులపై ఖర్చు చేశాయని కాగ్ తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఖర్చు నికర అప్పులో 17 శాతమే. పంజాబ్‌లో 26 శాతం.

అనుమతి తాళం ఎవరి దగ్గర ఉంది?

రాష్ట్రాల రుణాలకు మూలం రాజ్యాంగంలోని 293వ అధికరణ. దీని మొదటి క్లాజు ప్రకారం రాష్ట్రం తన సంచిత నిధిని హామీగా చూపి దేశం లోపల అప్పు తెచ్చుకోవచ్చు. విదేశాల నుంచి నేరుగా తెచ్చుకునే వీలు లేదు. ప్రపంచ బ్యాంకు రుణమైనా కేంద్రం ద్వారానే రావాలి. మూడో క్లాజు అసలైన తాళం. కేంద్రానికి, లేదా కేంద్రం పూచీపడ్డ అప్పుకు రాష్ట్రం ఏ కాస్త బాకీ ఉన్నా, కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తప్పనిసరి. నాలుగో క్లాజు ఆ అనుమతికి షరతులు పెట్టే అధికారం ఇస్తుంది. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 163వ సెక్షన్‌కు ఇది వారసురాలు.

ఆచరణలో కేంద్ర ఆర్థిక శాఖ ఏటా ప్రతి రాష్ట్రానికి నికర రుణ పరిమితి ఖరారు చేస్తుంది. కొవిడ్ ఏడాది 2020-21లో దీన్ని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 5 శాతం దాకా పెంచారు. 2021-22లో 4 శాతం, 2022-23లో 3.5 శాతం, ఆపైన 3 శాతం. విద్యుత్ సంస్కరణలు అమలు చేస్తే మరో అర శాతం అదనం. ఆ పరిమితిలో రాష్ట్రాలు రిజర్వు బ్యాంకు ద్వారా బాండ్లు వేలం వేస్తాయి. పత్రికల్లో తరచూ కనిపించే 'మంగళవారం అప్పు' అదే. రోజువారీ నగదు కటకటకు రిజర్వు బ్యాంకు దగ్గర చేబదుళ్లు ఉన్నాయి. అవీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. వరసగా 14 పని దినాలు, మూడు నెలల్లో మొత్తం 36 పని దినాలకు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే రాష్ట్రం చెల్లింపులను రిజర్వు బ్యాంకు నిలిపివేయవచ్చు.

ఈ బాండ్లలో గమనించాల్సిన విశేషం ఒకటి ఉంది. పంజాబ్ బాండ్లపై వడ్డీకి, ఒడిశా బాండ్లపై వడ్డీకి మధ్య తేడా చాలా స్వల్పం. అప్పుల భారంలో ఇంత అంతరం ఉన్నా మార్కెట్ దాన్ని పెద్దగా పట్టించుకోదు. రాష్ట్రాల బాండ్లకు బ్యాంకులు రిస్కు కింద అదనపు మూలధనం పక్కన పెట్టనక్కర్లేదని నిబంధనలే చెబుతున్నాయి. ఇంతవరకు ఏ రాష్ట్రమూ ఈ బాండ్లను ఎగవేయలేదు. ఎప్పుడైనా కష్టం వస్తే కేంద్రం చూస్తూ ఊరుకోదన్న నమ్మకం ఈ ధరలో ఇమిడి ఉంది. రాతలో లేని పూచీకత్తును మార్కెట్ ఉన్నట్లే లెక్క వేసుకుంటోంది.

పేర్లు మారిన సాయం

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1970లు, 80ల తొలి ఏళ్లలో రాష్ట్రాలు రిజర్వు బ్యాంకు దగ్గర ఓవర్‌డ్రాఫ్ట్‌లు పెంచుకుంటూ పోయేవి. కేంద్రం మధ్యకాలిక రుణాలు ఇచ్చి వాటిని తీర్చేది. 1985 అక్టోబరులో ఓవర్‌డ్రాఫ్ట్ నియంత్రణ పథకం వచ్చాకే ఆ దారికి గేటు పడింది.

పంజాబ్‌లో ఉగ్రవాదంపై పోరుకు 1984 నుంచి ఇచ్చిన ప్రత్యేక రుణాల విషయంలో కేంద్రం ఉదారంగా వ్యవహరించింది. 1997లో ఐ.కె.గుజ్రాల్ ప్రభుత్వం ఆ భారం నుంచి రాష్ట్రానికి ఊరట ప్రకటించింది. దేశ భద్రత కోసం చేసిన ఖర్చును ఒక్క రాష్ట్రమే మోయాలా అన్న ప్రశ్నకు అక్కడ బలమైన సమాధానం ఉంది. 2002-05 మధ్య రుణ మార్పిడి పథకం కింద రాష్ట్రాలు లక్ష కోట్ల పైచిలుకు ఖరీదైన కేంద్ర రుణాలను తక్కువ వడ్డీ అప్పులతో తీర్చేశాయి.

వీటన్నిటిలో క్రమబద్ధమైనది సి.రంగరాజన్ నేతృత్వంలోని 12వ ఆర్థిక సంఘం సూచించిన పథకం. 2004 మార్చి వరకు తీసుకున్న కేంద్ర రుణాలన్నిటినీ కలిపి 20 ఏళ్ల గడువుకు, 7.5 శాతం వడ్డీకి మార్చారు. రెవెన్యూ లోటు తగ్గించుకున్న మేరకు కొంత మాఫీ కూడా ఇచ్చారు. షరతు ఒక్కటే: రాష్ట్రం సొంతంగా ఆర్థిక బాధ్యత చట్టం చేయాలి. కర్ణాటక 2002లోనే చేసింది, ఆంధ్రప్రదేశ్ 2005లో చేసింది. పశ్చిమ బెంగాల్, సిక్కిం 2010 దాకా ఆగాయి. అన్ని రాష్ట్రాలకూ ఒకే షరతు, ముందే ప్రకటించిన ప్రతిఫలం. ఎవరికి వారు లెక్క వేసుకుని నిర్ణయించుకోగలిగారు. ఆ తర్వాతి ఏళ్లలో రాష్ట్రాల లోటు తగ్గడానికి ఈ చట్టాలతో పాటు అప్పటి వేగవంతమైన ఆర్థిక వృద్ధీ తోడైంది.

మూడుసార్లు గట్టెక్కించినా తీరని విద్యుత్ అప్పు

నియమం సరిగా లేని ఆదుకోలు ఎలా ఉంటుందో విద్యుత్ రంగం చూపిస్తుంది. రాష్ట్ర విద్యుత్ బోర్డులు కేంద్ర సంస్థలకు పడ్డ బకాయిలను 2000ల ఆరంభంలో ఏకకాల పరిష్కారం కింద రాష్ట్ర బాండ్లుగా మార్చారు. 2012లో డిస్కంల కోసం ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పథకం తెచ్చారు. 2015 నవంబరులో 'ఉదయ్' వచ్చింది. అప్పటికి డిస్కంల అప్పు సుమారు రూ.4.3 లక్షల కోట్లు. అందులో 75 శాతాన్ని రాష్ట్రాలు రెండేళ్లలో తమ నెత్తికెత్తుకోవాలన్నది పథకం. 2020లో కొవిడ్ వేళ మళ్లీ రూ.90 వేల కోట్ల రుణ సదుపాయం ప్రకటించాల్సి వచ్చింది.

ప్రతిసారీ పాత అప్పు డిస్కం పద్దు నుంచి రాష్ట్రం పద్దుకు మారింది. అప్పు పుట్టే చోటు మాత్రం మారలేదు. యూనిట్‌కు అయ్యే ఖర్చు కన్నా వసూలయ్యేది తక్కువ. ఉచిత విద్యుత్ రాయితీ సొమ్మును ప్రభుత్వాలు డిస్కంలకు సకాలంలో కట్టవు. సరఫరాలో నష్టాలు ఆగవు. ఈసారి కాకపోతే వచ్చేసారి ఇంకో పథకం వస్తుందన్న ధీమా ఉన్నంతకాలం ఛార్జీలు సవరించే చేదు నిర్ణయం ఎవరూ తీసుకోరు. సాయం చేయడం వల్ల వచ్చే ముప్పు అంటే ఇదే.

అడిగినవారందరికీ అందలేదు

2011లో మమతా బెనర్జీ అధికారంలోకి వచ్చేనాటికి పశ్చిమ బెంగాల్ అప్పు దాదాపు రెండు లక్షల కోట్ల రూపాయలు. వడ్డీ, అసలు చెల్లింపులపై మూడేళ్ల మారటోరియం ఇవ్వాలని ఆమె కేంద్రాన్ని పదే పదే అడిగారు. అప్పటి యూపీఏ ప్రభుత్వంలో ఆమె పార్టీ భాగస్వామి అయినా ఆ కోరిక నెరవేరలేదు. 2022 మార్చిలో పంజాబ్ ముఖ్యమంత్రి భగవంత్ మాన్ ఏడాదికి రూ.50 వేల కోట్ల చొప్పున రెండేళ్లకు లక్ష కోట్ల ప్యాకేజీ కోరారు. అదీ దక్కలేదు.

2024 జులై బడ్జెట్ దీనికి మరో వైపు. అమరావతి నిర్మాణానికి బహుళపక్ష సంస్థల ద్వారా రూ.15 వేల కోట్లు, బిహార్‌కు రోడ్లు, విద్యుత్ కేంద్రం, వరద నివారణ పనులు కలిపి సుమారు రూ.59 వేల కోట్ల ప్రకటనలు అందులో ఉన్నాయి. అంతకు ముందు నెలలోనే లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. 16 మంది ఎంపీలున్న తెలుగుదేశం, 12 మంది ఉన్న జేడీయూ కేంద్ర ప్రభుత్వానికి కీలక ఆధారం. విభజన వల్ల రాజధాని కోల్పోయిన ఆంధ్రప్రదేశ్‌కు సాయం న్యాయమే. విభజన చట్టమే అందుకు హామీ ఇచ్చింది. కానీ అదే న్యాయం 2018లో ఎందుకు సరిపోలేదన్న ప్రశ్నకు ఆర్థిక శాస్త్రంలో జవాబు దొరకదు. 2016 సెప్టెంబరులో ప్రకటించిన ప్రత్యేక ప్యాకేజీ అమలుపై అసంతృప్తితోనే తెలుగుదేశం 2018లో ఎన్డీయే నుంచి బయటికొచ్చింది. 2014-15 నాటి వనరుల లోటు కింద రాష్ట్రానికి రావాల్సిన రూ.10,460.87 కోట్లు 2023 మేలో, అంటే ఎనిమిదేళ్లు గడిచాక విడుదలయ్యాయి. ఆ మధ్యలో రాష్ట్రం ఆ లోటును అప్పులతోనే పూడ్చుకోవాల్సి వచ్చింది.

రాష్ట్రాల వాదన, కేంద్రం వాదన

రాష్ట్రాల మొర ఇది. దేశంలో ప్రభుత్వ ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రాలదే. బడి, ఆసుపత్రి, పోలీసు, సాగునీరు అన్నీ వాటి బాధ్యతే. రాబడి మార్గాలు మాత్రం కుదించుకుపోయాయి. 2017లో జీఎస్టీ వచ్చాక సొంతంగా పన్ను రేటు మార్చుకునే వీలు పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాల వంటి కొన్నిటికే పరిమితమైంది. పన్నుల్లో రాష్ట్రాల వాటా 14వ ఆర్థిక సంఘం కాలంలో 42 శాతం, 15వ సంఘం కాలంలో 41 శాతం. కానీ సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ వాటాలోకి రావు. 2020-21లో కేంద్రం స్థూల పన్ను రాబడిలో వాటి భాగం ఐదో వంతుకు చేరింది. పంచాల్సిన పళ్లెమే చిన్నదయ్యాక, పెద్ద వాటా చేతికి వచ్చేసరికి తరిగిపోతోంది.

కొవిడ్ వేళ జీఎస్టీ పరిహారం వివాదం ఈ అపనమ్మకాన్ని పెంచింది. ఏటా 14 శాతం వృద్ధికి చట్టం ఐదేళ్ల హామీ ఇచ్చింది. వసూళ్లు పడిపోగానే, అప్పు చేసుకోమని 2020 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. పేచీ తర్వాత తానే అప్పు తెచ్చి 2020-21లో రూ.1.1 లక్షల కోట్లు, 2021-22లో రూ.1.59 లక్షల కోట్లు రాష్ట్రాలకు మళ్లించింది. తీర్చేది పరిహార సెస్సు నుంచి. రాష్ట్రాలకు అది హక్కుగా రావాల్సిన సొమ్ము. పద్దుల్లో మాత్రం రుణంగా చేరింది.

కేంద్రం వాదనలోనూ పస ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కు 17 రాష్ట్రాలకు రూ.2.94 లక్షల కోట్ల రెవెన్యూ లోటు గ్రాంట్లు సిఫార్సు చేసింది. అందులో కేరళకు రూ.37,814 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు రూ.30,497 కోట్లు. ఇంత ఇచ్చినా కొన్ని రాష్ట్రాలు ఎన్నికల హామీల కోసం అప్పులు చేసి, వాటిని బడ్జెట్ బయట దాచి, చివరికి బాధ్యత ఢిల్లీపై నెట్టేస్తున్నాయన్నది కేంద్రం ఫిర్యాదు. ఒక రాష్ట్రం అప్పును మాఫీ చేస్తే ఆ భారం పొదుపుగా నడుచుకున్న ఒడిశా పౌరుడి మీదా పడుతుంది. దీనికి రాష్ట్రాల ఎదురు ప్రశ్న: కేంద్రం తన అప్పును 2024-25 నాటికి జీడీపీలో 40 శాతానికి దించుతానని చట్టంలో రాసుకుంది. ఆ ఏడాది అది 57 శాతం దగ్గర ఉంది. కేంద్రం పరిమితి దాటితే అనుమతి నిరాకరించే వారెవరు?

దాచిన అప్పు, కేరళ వ్యాజ్యం

రుణ పరిమితి బిగిసినప్పుడల్లా అప్పు పక్కదారి పట్టింది. ప్రభుత్వం ఒక కార్పొరేషన్ పెడుతుంది. ఆ కార్పొరేషన్ సర్కారు పూచీకత్తుతో అప్పు తెస్తుంది. తీర్చేది బడ్జెట్ నుంచే. కేరళలో మౌలిక వసతుల నిధి సంస్థ కిఫ్బీ, సామాజిక పింఛన్ల కంపెనీ, తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర అభివృద్ధి సంస్థ ఈ తరహావే. 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ, బడ్జెట్ నుంచి తీర్చే ఇలాంటి అప్పులన్నీ 2021-22 నుంచి రాష్ట్రం అప్పు కిందే లెక్క అని తేల్చింది. పరిమితిలో ఆ మేరకు కోత పడింది.

దీనిపై కేరళ 2023 డిసెంబరులో 131వ అధికరణ కింద సుప్రీంకోర్టులో కేంద్రంపై దావా వేసింది. రుణ పరిమితి నిర్ణయించే పేరుతో కేంద్రం రాష్ట్ర బడ్జెట్‌నే శాసిస్తోందన్నది దాని వాదం. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి పినరయి విజయన్ జంతర్ మంతర్ దగ్గర నిరసనకు దిగారు. ముందు రోజే కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అక్కడ ధర్నా చేశారు. దావా వెనక్కి తీసుకుంటే రూ.13,608 కోట్లకు అనుమతిస్తామని కేంద్రం చెప్పగా, అలాంటి షరతు సరికాదని కోర్టు అంది. ఆ తర్వాత ఒక్కసారికి రూ.5 వేల కోట్లు ఇస్తామంటే, తనకు కనీసం పది వేల కోట్లు కావాలని కేరళ కాదంది.

2024 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు మధ్యంతర ఊరట నిరాకరించింది. సొంత నిర్వహణ లోపంతో కొనితెచ్చుకున్న ఇబ్బందిని పూడ్చలేని నష్టంగా చూడలేమన్నది ఆ ఉత్తర్వు సారాంశం. అసలు ప్రశ్నలను అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. అప్పు తెచ్చుకోవడం రాష్ట్రానికి అమలు చేయించుకోదగ్గ హక్కా? ప్రభుత్వ సంస్థల అప్పులు, ప్రజా పద్దు బాధ్యతలు 293(3) పరిధిలోకి వస్తాయా? గణతంత్రం మొదలయ్యాక ఇన్నేళ్లకు ఈ అధికరణ అర్థం రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వెళ్లడం ఇదే తొలిసారి.

తెలుగు రాష్ట్రాల పాఠం

2014 విభజనలో ఉమ్మడి రాష్ట్ర అప్పును ప్రధానంగా జనాభా నిష్పత్తిలో, అంటే 58.32 : 41.68 చొప్పున పంచారు. ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ భిన్నమైన దారుల్లో ఒకే చోటికి చేరాయి. మిగులు బడ్జెట్‌తో మొదలైన తెలంగాణ సాగునీటి ప్రాజెక్టుల కోసం కార్పొరేషన్ల ద్వారా భారీగా అప్పు తెచ్చింది. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం మొత్తం అప్పును రూ.6,71,757 కోట్లుగా చూపింది. అందులో బడ్జెట్ లోపలి అప్పు రూ.3,89,673 కోట్లే. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర అభివృద్ధి సంస్థ మద్యంపై అదనపు సుంకం రాబడిని ఆధారంగా చూపి బ్యాంకుల నుంచి రుణాలు తెచ్చింది. అది రాజ్యాంగానికి అనుగుణమేనా అని కేంద్రమే ప్రశ్నించింది. 2024 జులై శ్వేతపత్రం ప్రభుత్వ అప్పులతో పాటు కార్పొరేషన్లు, విద్యుత్ సంస్థల బాకీలు, చెల్లించని బిల్లులు కలిపి రూ.9.74 లక్షల కోట్లని చెప్పింది. రెండు చోట్లా పాత పాలకపక్షాలు ఈ అంకెలను ఖండించాయి. అధికారం మారితే తప్ప రాష్ట్రం అప్పెంతో జనానికి తెలియకపోవడమే ఇక్కడ అసలు సమస్య. తెలిసిన అంకె మీదా ఏకాభిప్రాయం లేదు.

అనుమతిని పగ్గంలా వాడటం ఎలా ఉంటుందో కూడా ఈ రెండు రాష్ట్రాలే చూపాయి. అదనపు అర శాతం రుణం కోసం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టేందుకు ఒప్పుకుంది. కేసీఆర్ ప్రభుత్వం ససేమిరా అని, ఆ రుణం వదులుకుంది. మీటర్లు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. రైతుకు కరెంటు ఎలా ఇవ్వాలన్న నిర్ణయం రుణ అనుమతి షరతుగా మారడం గమనించాల్సిన సంగతి.

వడ్డీ లేదు, బంధం ఉంది

ఇప్పుడు ఆదుకోలుకు ప్రధాన రూపం మూలధన పెట్టుబడికి ఇచ్చే 50 ఏళ్ల వడ్డీలేని రుణం. 2020-21లో రూ.12 వేల కోట్ల కేటాయింపుతో మొదలై, 2025-26 బడ్జెట్‌లో రూ.1.5 లక్షల కోట్లకు పెరిగింది. డబ్బు రోడ్లకు, వంతెనలకు పోవాలి కాబట్టి దుబారాకు ఆస్కారం తక్కువ. అయిదు దశాబ్దాల తర్వాత తీర్చే అప్పు దాదాపు గ్రాంటుతో సమానం. అందులో కొంత భాగాన్ని పాత వాహనాల తుక్కు విధానం, పట్టణ ప్రణాళిక సంస్కరణలు, యూనిటీ మాల్స్ వంటి షరతులకు ముడిపెట్టారు.

ఇందులో పెద్దగా చర్చకు రాని మెలిక ఒకటుంది. కేంద్రం రాష్ట్రాలకు నేరుగా అప్పివ్వడం తగ్గించుకోవాలని 12వ ఆర్థిక సంఘం సూచించింది. అదే బాటలో సాగి ఉంటే, ఏకీకరించిన పాత రుణాలు 20 ఏళ్లలో తీరిపోయి, విదేశీ సంస్థల రుణాలు మినహా కేంద్రానికి రాష్ట్రాల బాకీ నామమాత్రమయ్యేది. 293(3) పట్టు సడలేది. ఇప్పుడు 50 ఏళ్ల రుణం తీసుకున్న ప్రతి రాష్ట్రమూ 2070ల దాకా కేంద్రానికి బాకీదారే. అంటే అప్పటిదాకా ప్రతి కొత్త అప్పుకూ అనుమతి కావాల్సిందే. సాయమే పగ్గాన్ని మరో రెండు తరాలకు పొడిగించింది.

శ్రీలంక పోలిక ఎంతవరకు?

2022లో శ్రీలంక కుప్పకూలినప్పుడు మన రాష్ట్రాలూ అదే దారిలో ఉన్నాయన్న హెచ్చరికలు వినిపించాయి. ఆ జూన్‌లో రిజర్వు బ్యాంకు పత్రికలో వచ్చిన అధ్యయనం బిహార్, కేరళ, పంజాబ్, రాజస్థాన్, పశ్చిమ బెంగాల్‌లను అత్యంత ఒత్తిడిలో ఉన్నవిగా గుర్తించింది. జులైలో శ్రీలంకపై జరిగిన అఖిలపక్ష భేటీలో రాష్ట్రాల అప్పుల పట్టిక చూపించడంపై టీఆర్‌ఎస్, వైఎస్సార్‌సీపీ అభ్యంతరం తెలిపాయి.

ఈ పోలిక సగమే నిజం. శ్రీలంక మునిగింది డాలర్ అప్పుల్లో. మన రాష్ట్రాల అప్పు దాదాపు అంతా రూపాయల్లో, దేశంలోని బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్య నిధుల దగ్గర ఉంది. కాబట్టి ఇక్కడ సంక్షోభం ఒక్క రోజులో పేలదు, నెమ్మదిగా నానుతుంది. బాండ్లపై వడ్డీ మాత్రం ఠంచనుగా వెళ్తుంది. ఆగిపోయేవి మిగతావి. 2024 సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో జీతాలు 5న, పింఛన్లు 10న పడ్డాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల బకాయిలు, ఫీజు రీయింబర్స్‌మెంటు, ఉద్యోగుల డీఏ, కాంట్రాక్టర్ల బిల్లులు ఏళ్ల తరబడి వార్తలే. మన రాష్ట్రాలు అప్పు ఎగవేయవు, జనానికి ఇవ్వాల్సింది ఎగవేస్తాయి. రేటింగు సంస్థలు చూసే లెక్కల్లో ఇది ఎక్కడా పడదు.

దారి ఏమిటి?

ఇతర దేశాలు రెండు దారులు తొక్కాయి. అమెరికాలో 1841-42లో ఎనిమిది రాష్ట్రాలు అప్పు ఎగవేస్తే కాంగ్రెస్ ఆదుకోలేదు. ఆ చేదు అనుభవంతోనే అనేక రాష్ట్రాలు తమ రాజ్యాంగాల్లో రుణ పరిమితులు రాసుకున్నాయి. బ్రెజిల్ 1989, 1993, 1997లలో మూడుసార్లు రాష్ట్రాల అప్పును నెత్తికెత్తుకుంది. చివరకు రియో డి జనీరో దివాలా అంచుకు చేరాక, 2017లో ఆర్థిక పునరుద్ధరణ చట్టం చేసింది. ఏ స్థాయి కష్టంలో రాష్ట్రం అర్హమవుతుంది, ఎంతకాలం వాయిదా దొరుకుతుంది, బదులుగా ఏం చేయాలి అన్నది అందులో ముందే రాసిపెట్టింది.

అమెరికా దారి మనకు కుదరదు. రాబడి మార్గాలను కేంద్రం దగ్గర పెట్టుకుని, కష్టం వచ్చినప్పుడు మీ ఖర్మ అనడం న్యాయం కాదు. ఇప్పటి పద్ధతీ కొనసాగకూడదు. సాయం ఎవరికి అందుతుందో పార్లమెంటులో సీట్ల లెక్క మీద ఆధారపడితే, పొదుపు చేసిన ముఖ్యమంత్రికి దక్కేది ఏమీ ఉండదు.

12వ ఆర్థిక సంఘం అనుభవం చూపే దారి స్పష్టంగానే ఉంది. కష్టంలో ఉన్న రాష్ట్రాన్ని గుర్తించే కొలమానాలు ముందే ప్రకటించాలి. ఊరట, షరతులు అందరికీ ఒకటే కావాలి. నిర్ణయం ఆర్థిక శాఖ గదిలో కాకుండా ఆర్థిక సంఘం వంటి స్వతంత్ర సంస్థ చేతిలో ఉండాలి. ఎన్.కె.సింగ్ కమిటీ సూచించిన స్వతంత్ర ఆర్థిక మండలి ఇందుకు పనికొచ్చే ఆలోచనే. దానికి బదులుగా రాష్ట్రాలు కార్పొరేషన్ల అప్పులు, పూచీకత్తులు, పెండింగ్ బిల్లులు ఏటా బడ్జెట్‌తో పాటు శాసనసభ ముందుంచాలి. శ్వేతపత్రం కోసం ప్రభుత్వం ఓడిపోయేదాకా ఆగాల్సిన అవసరం ఉండకూడదు.

15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31తో ముగిసి, 16వ సంఘం సిఫార్సుల కాలం ఏప్రిల్ 1తో మొదలవుతుంది. అప్పటికి రాజ్యాంగ ధర్మాసనం 293కు ఏ అర్థం చెప్పినా, కోర్టు తేల్చగలిగేది అనుమతి ఇచ్చే అధికారం ఎవరిదన్నది మాత్రమే. కష్టంలో పడ్డ రాష్ట్రానికి సాయం ఏ నియమం ప్రకారం అందాలన్నది పార్లమెంటు, శాసనసభలు రాసుకోవాల్సిన సంగతి.